తిరుపతిలో ఉండి, వినకుండానే బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కంపెనీ దగ్గర నేరుగా కొనాలంటే ఏమేం చూసుకోవాలి?

కపిలతీర్థం:

అందరికీ నమస్కారం. హాల్లోకి ఒక జత మంచి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు తీసుకోవాలని ఉంది. ఇక్కడ తిరుపతిలో ఏ కొట్టుకు వెళ్ళినా సౌండ్‌బార్లూ పార్టీ స్పీకర్లే చూపిస్తున్నారు. నిలబడి వినే షోరూం కావాలంటే చెన్నై, లేకపోతే బెంగళూరు పోవాలి. అక్కడైనా, డీలర్లు లేకుండా సొంత సైటులోనే అమ్మే కంపెనీల సరుకు దొరకదు. అదే ధరకు వాళ్ళు మంచి డ్రైవర్లు (శబ్దం పుట్టించే భాగాలు), మంచి క్రాసోవర్ (బేస్‌నూ పైశబ్దాన్నీ విడదీసి డ్రైవర్లకు పంచే సర్క్యూట్) ఇస్తారని చాలా చోట్ల చదివాను. వినకుండా అంత డబ్బు పెట్టడానికి మాత్రం ధైర్యం చాలడం లేదు.

గది వివరాలు: మిద్దె ఇల్లు. హాలు 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు. నేలంతా విట్రిఫైడ్ టైల్స్, కార్పెట్ లేదు. టీవీ 12 అడుగుల గోడకు ఉంది, సోఫా ఎదురుగోడకు ఆనించి ఉంది. టీవీకి రెండు పక్కలా కడప బండలతో కట్టిన గూళ్ళు ఉన్నాయి. వాటిలోనే పెట్టేయమని ఇంట్లో వాళ్ళ మాట.

వినేది ఎక్కువగా గాత్రం, వీణ, మృదంగం, అన్నమయ్య కీర్తనలు. రాత్రిపూట పాత సినిమా పాటలు, ఆదివారం ఒక సినిమా. స్పీకర్లు, ఆంప్లిఫయర్, వైర్లు, స్టాండ్లు అన్నీ కలిపి 90 వేలు దాటకూడదు.

కంపెనీ సైటులో ఏ అంకెలు నమ్మాలి? విదేశం నుంచి తెప్పించుకోవడం మేలా, ఇక్కడే కొనడమా? యాక్టివ్ (ఆంప్లిఫయర్ లోపలే ఉండేది) మంచిదా, పాసివ్ (ఆంప్లిఫయర్ విడిగా కావలసినది) మంచిదా? సరుకు వచ్చాక మొదటి వారంలో ఏం పరీక్షించాలి?

చంద్రగిరి_చెవి:

వినకుండా కొనడం గురించి మరీ అంత దిగులు వద్దు సార్. షోరూంలో విన్నది మీ హాల్లో అలాగే వినిపించదు. సుమారు 300 హెర్ట్జ్ కింద, అంటే లోతైన శబ్దాల్లో, గదిదే పెత్తనం. ఆ పైన మాత్రం స్పీకరు ఎలా పలుకుతుందో కొలతలు చూసి చాలావరకు చెప్పేయొచ్చు. కాబట్టి మొదటి వడపోత ఇదే: పూర్తి కొలతలు బయటపెట్టని కంపెనీని పక్కన పెట్టండి. లేదా బయటివాళ్ళు కొలిచిన మోడల్ అయినా అయి ఉండాలి.

"45 హెర్ట్జ్ నుంచి 22 కిలోహెర్ట్జ్" అని రాసి, పక్కన ప్లస్/మైనస్ 3 డెసిబెల్ అని లేకపోతే ఆ అంకెకు విలువ లేదు. 45 దగ్గర శబ్దం 10 డెసిబెల్ పడిపోయి ఉన్నా అలా రాసుకోవచ్చు. గ్రాఫ్ ఇచ్చినా దాని నిలువు గీత చూడండి. మొత్తం 50 డెసిబెల్ ఎత్తులో గీస్తే ఎగుడుదిగుళ్ళు కనిపిస్తాయి. అదే గ్రాఫ్‌ను 100 డెసిబెల్ ఎత్తులో గీస్తే ఎంత గుంత ఉన్నా చదునుగానే కనిపిస్తుంది. మూడో వంతు ఆక్టేవ్ స్మూతింగ్ వేసి, అంటే పక్కపక్క అంకెల సగటు తీసి, నున్నగా చేసినదాన్ని కూడా నమ్మకండి.

మీకు కావలసింది సీటీఏ-2034 పద్ధతిలో గీసిన గ్రాఫ్. దాన్నే స్పినోరామా అంటారు. స్పీకరు చుట్టూ అడ్డంగా ఒక వలయం, నిలువుగా ఒక వలయం, 10 డిగ్రీలకొకటి చొప్పున మొత్తం 70 కొలతలు తీసి వాటిని నాలుగైదు గీతలుగా కుదిస్తారు. దీని వెనుక ఫ్లాయిడ్ టూల్ కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లోనూ, తర్వాత హర్మన్‌లోనూ చేసిన పని ఉంది. పేరు కనబడకుండా తెర వెనుక పెట్టి వినిపిస్తే, ఎదురుగా చదునుగానూ, పక్కలకు నున్నగా తగ్గుతూనూ ఉండే స్పీకరునే ఎక్కువమంది మెచ్చుకుంటారని ఆ పరిశోధన తేల్చింది.

ఆ గ్రాఫ్‌లో మీరు చూడాల్సినవి రెండే. ఒకటి, లిజనింగ్ విండో గీత (ఎదురుగానూ, కాస్త అటూ ఇటూ కూర్చున్నవాళ్ళకూ వినబడే శబ్దం సగటు) 100 హెర్ట్జ్ నుంచి 10 కిలోహెర్ట్జ్ దాకా ప్లస్/మైనస్ 2 డెసిబెల్ లోపు ఉండాలి, కనీసం రెండున్నర దాటకూడదు. రెండు, కింద ఉండే డైరెక్టివిటీ గీత (పక్కలకన్నా ఎదురుగా శబ్దం ఎంత ఎక్కువో చూపేది) గుంతా మిట్టా లేకుండా మెల్లగా పైకి పోవాలి.

రెండోది మీ హాలుకు మరీ ముఖ్యం. ఆరున్నర అంగుళాల ఊఫర్‌లో (బేస్ పలికే పెద్ద డ్రైవరు) కదిలే కోను వ్యాసం సుమారు 13 సెంటీమీటర్లు. అంత పొడవున్న శబ్ద తరంగం 2,700 హెర్ట్జ్ దగ్గరిది. ఆ దాపులకు వచ్చేసరికి ఊఫర్ శబ్దం టార్చిలైటులా ముందుకే పోతుంది, పక్కలకు పాకదు. సరిగ్గా అక్కడే పని అందుకునే ఒక అంగుళం ట్వీటరు (పైశబ్దం పలికే చిన్న డ్రైవరు) మాత్రం గదంతా చల్లుతుంది. దాంతో ఎదురుగా కొలిస్తే చదును, పక్కలకు పోయే శబ్దంలో 3, 4 కిలోహెర్ట్జ్ దగ్గర మిట్ట. పరుపులూ పుస్తకాలూ నిండిన గదిలో అది కొంత అణుగుతుంది. మీ టైల్స్ నేలా, వట్టి గోడలూ ఆ పక్క శబ్దాన్నంతా చెవికి తిప్పి పంపిస్తాయి. అప్పుడు గాత్రంలో స, శ, ష గీరుకుంటాయి, వయొలిన్ కరుకుగా వినిపిస్తుంది. ట్వీటరు చుట్టూ పళ్ళెంలాంటి వేవ్‌గైడ్ ఉన్న డిజైన్లలో ఈ ఇబ్బంది తక్కువ. అయితే పళ్ళెం ఉందని సంబరపడక గీత చూసే నిర్ణయించుకోండి.

బేస్ సంగతి. షడ్జమం 165 హెర్ట్జ్ దగ్గర శృతి చేసిన వీణలో అనుమంద్ర పంచమం తీగ సుమారు 62 హెర్ట్జ్. ఒకటో శృతిలో పాడే మగ గొంతుకు వేసే తంబూరలో మంద్ర షడ్జమం 65. అంటే 55 హెర్ట్జ్ దాకా 3 డెసిబెల్ లోపు నిలబడే స్పీకరు కర్ణాటక సంగీతానికి నిండుగా సరిపోతుంది. ఐదున్నర, ఆరున్నర అంగుళాల ఊఫర్లు దీన్ని చేరతాయి. నాలుగు అంగుళాలవి టేబుల్ మీదకు మంచివి, 16 అడుగుల హాలుకు చాలవు. చిన్న పెట్టె, లోతైన బేస్, ఎక్కువ సెన్సిటివిటీ (ఇచ్చిన శక్తికి ఎంత గట్టిగా పలుకుతుందన్నది) ఈ మూడూ ఒకేసారి దొరకవు, రెండే ఎంచుకోవాలి. మూడూ ఉన్నాయని రాసే కంపెనీ ఏదో ఒక అంకె పెంచి చెబుతున్నట్టే.

సెన్సిటివిటీ అంకెలో ఇంకో చిక్కుంది. అది 2.83 వోల్టుల దగ్గరా, 1 వాటు దగ్గరా అని చూడండి. 8 ఓముల స్పీకరుకు రెండూ ఒకటే. 4 ఓములదైతే 2.83 వోల్టులంటే 2 వాట్లు. అక్కడ 86 అని రాసినది నిజానికి వాటుకు 83.

పీలేరు_సోల్డర్:

పైన చెప్పినదంతా సరే, నేను డబ్బు లెక్క చెబుతాను.

అమెరికాలో అసెండ్ అకౌస్టిక్స్, డెన్మార్క్‌లో బుకార్ట్, జర్మనీలో నూబర్ట్, టొయిఫెల్, నార్వేలో అరెండాల్. వీళ్ళంతా నేరుగా అమ్మకం మీద పెరిగినవాళ్ళే, పేరు నిలబెట్టుకున్నవాళ్ళే. కానీ వాళ్ళ సైటులో కనిపించే ధర మన ఇంటి గుమ్మం దగ్గర ధర కాదు. కొరియర్ వాళ్ళు అసలు బరువూ, పెట్టె పరిమాణం బట్టి వచ్చే బరువూ రెండూ చూసి ఏది ఎక్కువైతే దానికి తీసుకుంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. 60, 50, 45 సెంటీమీటర్ల అట్టపెట్టె అసలు 18 కిలోలే తూగినా బిల్లు 27 కిలోలకు పడుతుంది. దాని మీద కస్టమ్స్: సరుకు ధరకు రవాణా, ఇన్సూరెన్స్ కలిపిన మొత్తం మీద సుంకం, ఆ సుంకం కూడా కలిపిన మొత్తం మీద ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ). శాతాలు బడ్జెట్ బడ్జెట్‌కూ మారుతుంటాయి, కాబట్టి ఆర్డరు పెట్టేముందు కొరియర్ కంపెనీని అడిగి రాతపూర్వకంగా అంచనా తీసుకోండి. కేవైసీకి ఆధార్ లేదా పాన్ కావాలి.

అంతకన్నా పెద్ద చిక్కు వాపసు. "నచ్చకపోతే వెనక్కి పంపండి" అన్న మాట వాళ్ళ దేశపు కొనుగోలుదారులకు. ఎస్‌వీఎస్ అనే స్పీకర్ల కంపెనీ అమెరికాలో 45 రోజులు ఇంట్లో పెట్టుకుని చూడమంటుంది. అదే స్పీకరు ఇక్కడ డీలరు దగ్గర కొంటే డీలరు షరతులే మీకు వర్తించేవి. ఇక్కడి నుంచి డెన్మార్క్‌కు తిప్పి పంపాలంటే రవాణా మీదే, కట్టిన సుంకం తిరిగి రాబట్టుకోవడం పెద్ద తతంగం. ట్వీటరు పోతే కొత్తది తెప్పించుకోవాలన్నా మళ్ళీ సుంకమే. 90 వేల బడ్జెట్‌లో ఈ బరువు మోయడం నా లెక్కకు తగదు. దేశంలోపల నేరుగా అమ్మేవాళ్ళను ముందు చూడండి. కోల్‌కతా సోనోడైన్ లాంటి పాత కంపెనీ ఉంది, చిన్న తయారీదారులూ ఉన్నారు. అందరినీ ఒకే గీటురాయి మీద పెట్టండి: పైన చంద్రగిరి అన్న అడిగిన గ్రాఫ్ ఇస్తారా, లేదా?

ఆర్డరు పెట్టేముందు మెయిల్‌లో ఇవి అడగండి, ఫోన్‌లో కాదు. ట్రయల్ రోజులు పంపిన రోజు నుంచా, అందిన రోజు నుంచా? వాపసు రవాణా ఎవరిది? రీస్టాకింగ్ (వాపసు సరుకును మళ్ళీ స్టాకులో పెట్టే ఖర్చు) పేరుతో కోత ఉందా? వారంటీలో పెట్టె మొత్తం పంపాలా, డ్రైవరు ఒక్కటి విప్పి పంపితే చాలా? ఐదేళ్ళ తర్వాత ఇదే ఊఫర్ విడిగా అమ్ముతారా? ఆ చివరి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే కంపెనీ మీద నాకు గురి కుదురుతుంది. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వాపసు, వారంటీ షరతులు, ఏ దేశంలో తయారైంది, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు సైటులో ఉండి తీరాలి. అవి కనబడకపోతే అక్కడే ఆగండి. తేడా వస్తే 1915కు ఫోన్ చేయవచ్చు. కంపెనీ ఎక్కడున్నా మీరు ఉండే చోటి జిల్లా కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు.

యాక్టివ్, పాసివ్ మాటకొస్తే మీకు పాసివ్. బయట నుంచి తెచ్చే యాక్టివ్ స్పీకరుకు 230 వోల్టుల పనితనం ఉందో లేదో చూసుకోవాలి, అమెరికా 120 వోల్టులది పెడితే క్షణంలో కాలిపోతుంది. లోపలి ఆంప్లిఫయర్ బోర్డు చెడితే ఇరవై కిలోల పెట్టెను పంపాలి. పాసివ్ అయితే ఆంప్లిఫయర్ చెడ్డా స్పీకర్లు పదిలం.

ఆంప్లిఫయర్ కొనేటప్పుడు "300 వాట్లు" అన్న అచ్చు చూసి మోసపోవద్దు. ఈ చిన్న క్లాస్-డి (తక్కువ వేడితో పనిచేసే రకం) ఆంప్లిఫయర్ డబ్బాలకు అడాప్టరే గీత గీస్తుంది. 32 వోల్టుల అడాప్టరుతో 8 ఓములకు సిద్ధాంతరీత్యా 64 వాట్లు మించి రాదు (32ను 32తో గుణించి 16తో భాగించండి). 48 వోల్టులైతే 144. అడాప్టరు 5 ఆంపియర్లదే అయితే 32 వోల్టుల దగ్గర రెండు చానళ్ళకూ కలిపి 160 వాట్లు దాటదు. మీకు నిజమైన 50 వాట్లు చాలు. లెక్క ఇదీ: 86 డెసిబెల్ స్పీకరు, 3 మీటర్ల దూరంలో కూర్చుంటే 1 వాటుకు 76 దగ్గరకు తగ్గుతుంది. రెండు స్పీకర్లూ గదీ కలిసి 5, 6 తిరిగి ఇస్తాయి. 50 వాట్లంటే దాని మీద ఇంకో 17. అంటే మృదంగం దెబ్బ 98, 99 డెసిబెల్ దాకా చీలకుండా వస్తుంది. ఇంట్లో అంతకు మించి ఎవరూ ఓర్చుకోలేరు.

కరెంటు పోయినప్పుడు కూడా వినే అలవాటుంటే ఇన్వర్టరు సైన్‌వేవ్‌దే ఉండాలి. స్క్వేర్‌వేవ్ ఇన్వర్టరు మీద ఆంప్లిఫయర్ల నుంచి బుయ్యిమనే మోత వస్తుంది.

కపిలతీర్థం:

ఇద్దరికీ ధన్యవాదాలు. విదేశం ఆలోచన మానేశాను. వైరు ఏది కొనాలి? ఇక ఆ గూళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు. వాటిలో పెడితే నిజంగా అంత తేడానా?

కుప్పం_బండ:

తేడా చాలా ఉంటుంది సామీ. గూట్లో లోపలికి తోసి పెడితే చుట్టూ ఐదు పక్కల రాయీ గోడా. 100 నుంచి 200 హెర్ట్జ్ మధ్య ఉబ్బిపోతుంది, మగ గొంతు డబ్బాలోంచి మాట్లాడినట్టు వస్తుంది. వెనుక పోర్టు (బేస్ కోసం పెట్టెకు పెట్టే గాలి రంధ్రం) ఉన్న స్పీకరైతే ఇంకా కష్టం. గత్యంతరం లేక గూట్లోనే పెట్టాలంటే ముందు పోర్టుదో, మూసిన పెట్టెదో తీసుకోండి. స్పీకరు ముందు ముఖం బండ అంచుకు సమానంగా రావాలి, అర అంగుళం బయటికి వచ్చినా మంచిదే. పక్కల ఖాళీల్లో పుస్తకాలు నింపండి. కింద రబ్బరు ముక్కలు నాలుగు వేయండి, లేకపోతే బండ గిలగిలమంటుంది.

స్టాండు మీద పెట్టడమే సరైన పని. ఎత్తు ఎంతంటే, సోఫాలో కూర్చుంటే చెవి నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలవండి. 36 అంగుళాల చుట్టుపక్కల వస్తుంది. స్పీకరు అడుగు నుంచి ట్వీటరు మధ్యకు ఎంతుందో అది తీసేయండి. ట్వీటరు 11 అంగుళాల ఎత్తులో ఉంటే స్టాండు 25. ఈ లెక్క ఎందుకంటే, ట్వీటరూ ఊఫరూ ఒకదాని మీద ఒకటి ఉండే డిజైన్లలో చెవి బాగా పైకో కిందికో పోతే క్రాసోవర్ దగ్గర రెండింటి శబ్దాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. నేల మీద చాప వేసుకుని వినే అలవాటుంటే స్టాండు అంత మేర తగ్గించండి, లేదా స్పీకరును కొద్దిగా ముందుకు వంచండి.

స్టాండ్లు ఆన్‌లైన్‌లో కొనక్కర్లేదు. వెల్డింగు షాపులో 3 అంగుళాల చదరపు పైపు, పైన 7 అంగుళాలకు 9 అంగుళాల ప్లేటు చెప్పండి. అడుక్కి గ్రానైటు పాలిష్ యూనిట్లో మిగిలిపోయిన 18 మిల్లీమీటర్ల ముక్క, 12 అంగుళాలకు 14 కోయించండి. మన జిల్లాల్లో దీనికి కరువు లేదు. పైపులో ఎండబెట్టిన ఇసుక ముప్పావు వంతు దాకా పోయించండి, తడి ఇసుక పోస్తే లోపల తుప్పు. ఇసుక పోయడానికి పైప్లేటుకు మర బిగించే రంధ్రం ముందే పెట్టించుకోవాలి, వెల్డు అయ్యాక గుర్తొస్తే లాభం లేదు. స్పీకరుకూ ప్లేటుకూ మధ్య నాలుగు మూలలా బ్లూ ట్యాక్ (అంటుకునే మెత్తటి ముద్ద) ఉండలు, బఠాణీ గింజంత చాలు. పిల్లలు తగిలినా జారదు.

ఇక గది. మీ 16 అడుగుల పొడవుకు 36 హెర్ట్జ్, 12 అడుగుల వెడల్పుకు 48, 10 అడుగుల ఎత్తుకు 57 దగ్గర గది మోగుతుంది. మూడూ వేర్వేరు అంకెలు, అది మీ అదృష్టం. 10కి 10 పడకగది, 10 అడుగుల ఎత్తు ఉంటే మూడూ 57 మీదే కూర్చుంటాయి, మృదంగం తొప్పి దెబ్బలన్నీ ఒకే మోతలా వస్తాయి. మీ సోఫా వెనుకగోడకు ఆనుకుని ఉండటం మాత్రం మంచిది కాదు, అన్ని మోతలూ గోడ దగ్గరే గరిష్ఠం. రెండు అడుగులు ముందుకు జరపగలిగితే చాలు, ఏ ఖరీదైన కేబులూ ఇవ్వని మార్పు వస్తుంది.

స్పీకర్లు 12 అడుగుల గోడ వైపు, మధ్య ఆరున్నర నుంచి ఏడు అడుగుల ఎడం. పక్కగోడలకు ఎంత లేదన్నా రెండు అడుగులు వదలండి. స్పీకరు ముందు ముఖం దాని వెనుకనున్న టీవీ గోడకు ఒకటిన్నర అడుగు దూరంలో ఉంటే 190 హెర్ట్జ్ దగ్గర ఒక గుంత పడుతుంది, ఎందుకంటే గోడకు పోయి వచ్చిన శబ్దం అక్కడ ఎదురుతిరుగుతుంది. దూరం మారితే గుంతా మారుతుంది. అందుకే రెండేసి అంగుళాలు జరుపుతూ మగ గొంతు ఎక్కడ నిండుగా ఉందో చూసుకోండి. బేస్ ఉబ్బితే పోర్టులో మెత్తటి స్పాంజి దూర్చి చూడండి.

టైల్స్ నేలకు మందపాటి జంపఖానా. స్పీకర్లకూ సోఫాకూ నడుమ 5 అడుగులకు 7 అడుగులది, కుదిరితే రెండు మడతలు. చప్పట్లు కొడితే టక్‌మని ఆగాలి. "ట్ర్ర్ర్" అని తోక వస్తుంటే ఎదురెదురు వట్టి గోడల మధ్య మోత ఉందన్నమాట, ఒక గోడకు పుస్తకాల అలమర గానీ మందపాటి కర్టెన్ గానీ కావాలి. పలుచటి ఫోమ్ షీట్లు అంటించకండి, అవి పైశబ్దాన్ని మాత్రమే మింగుతాయి, గది మొద్దుగా వినిపిస్తుంది గానీ మోత అలాగే ఉంటుంది.

వైరు: ఐదు మీటర్ల లోపు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు. రాను పోను 10 మీటర్లకు 0.13 ఓముల దాకా వస్తుంది. 4 ఓముల స్పీకరైతే 2.5 తీసుకోండి. వైరు కొసను బ్లేడుతో గీరండి, లోపల తెల్లగా కనిపిస్తే రాగి పూత పూసిన అల్యూమినియం, వదిలేయండి. ఇంటి వైరింగు కొట్లో దొరికే మంచి రాగి వైరుకూ "ఆడియోఫైల్" అని అమ్మేదానికీ వినికిడిలో తేడా లేదు.

చిత్తూరు_ఓము:

సరుకు చేతికి వచ్చాక చేయాల్సిన పరీక్షలు చెబుతాను. ట్రయల్ రోజులు నడుస్తుంటాయి కాబట్టి మొదటి రెండు రోజుల్లోనే ఇవి ముగించండి.

అట్టపెట్టె తెరవకముందే ఆరు పక్కలా వీడియో, మూల నలిగి ఉంటే డెలివరీ మనిషి ఎదుటే. తెరిచేటప్పుడు ఎక్కడా ఆపకుండా తీయండి.

తర్వాత మల్టీమీటరు. ఓముల మీద పెట్టి టెర్మినళ్ళ దగ్గర కొలవండి. 8 ఓముల స్పీకరు ఐదున్నర నుంచి ఆరున్నర, 4 ఓములది మూడుంపావు నుంచి మూడున్నర దగ్గర చూపిస్తుంది. అచ్చం 8 రాలేదని కంగారు పడకండి, మీటరు కొలిచేది డీసీ నిరోధమే. కావలసింది రెండు పెట్టెలూ ఒకేలా ఉండటం. 0.3 కన్నా ఎక్కువ తేడా ఉంటే కంపెనీకి రాయండి. ఏమీ చూపించకపోతే దారిలో కుదుపులకు క్రాసోవర్ టాంకం ఊడి ఉంటుంది. నాలుగు టెర్మినళ్ళు ఉన్నవాటిలో జత కలిపే రేకులు వదులైనా ఇలాగే అవుతుంది, ముందు అవి బిగించి చూడండి. ఈ పరీక్షలో ట్వీటరు కనబడదు, దాని ముందు కెపాసిటర్ అడ్డం ఉంటుంది. ట్వీటరును చెవితోనే చూసుకోవాలి: శబ్దం బాగా తగ్గించి, ఒక్కొక్క స్పీకరు ముందు చెవి పెట్టి వినండి.

పోలారిటీకి (ప్లస్, మైనస్ తిరగబడలేదని చూసుకోవడానికి) 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ చాలు. ప్లస్ ఎర్ర టెర్మినల్‌కు, మైనస్ నల్లదానికి ఒక్క క్షణం తాకించండి. ఊఫర్ బయటికి కదలాలి. రెండు స్పీకర్లలోనూ ఒకే వైపు. 9 వోల్టుల బ్యాటరీ వాడకండి.

ఇప్పుడు మోనో పరీక్ష. ఇది మీకు సులువు, 1950ల నాటి సినిమా పాటలన్నీ మోనోనే. రెండు స్పీకర్లకూ సమాన దూరంలో కూర్చుని ఒకటి పెట్టండి. గొంతు సరిగ్గా మధ్యలో, పిడికెడు జాగాలో నిలబడాలి. స, శ అన్నప్పుడల్లా ఒక పక్కకు జరిగితే ట్వీటర్లు ఒకదానికొకటి సరిపోలేదు. గొంతు మధ్యలో లేకుండా తల చుట్టూ తిరుగుతున్నట్టుంటే ఒక స్పీకరుకు వైర్లు తిరగబడ్డాయి. ఒకే పక్కకు లాగుతుంటే స్పీకర్లు ఎడం నుంచి కుడికి మార్చి చూడండి. లాగడమూ వైపు మారితే తప్పు స్పీకరుది. మారకపోతే గదిది, లేదా ఆంప్లిఫయరుది.

చివరగా స్వీప్. 200 హెర్ట్జ్ నుంచి 40 దాకా మెల్లగా దిగే సైన్ టోన్, మామూలు వాల్యూంలో. ఎక్కడైనా గరగర, టకటక వస్తే ఆ అంకె దగ్గర ఆపి, గ్రిల్ తీసి చూడండి. చాలాసార్లు మోగేది గ్రిల్, టీవీ వెనుక రేకు, కిటికీ అద్దం. చేత్తో నొక్కితే ఆగితే అదే. పోర్టు దగ్గర ఉఫ్ ఉఫ్ అని గాలి ఊదినట్టు వస్తే అది ఎంత వాల్యూంలో మొదలైందో రాసుకోండి. పాటల్లో ఆ వాల్యూం చేరకపోతే లోపం కాదు. 40 కింద మాత్రం గట్టిగా వినిపించవద్దు. పోర్టు శృతి దాటి కిందికి పోతే ఊఫర్‌కు గాలి పట్టు ఉండదు, కోను అదుపు లేకుండా ఊగి కాయిల్ దెబ్బతింటుంది.

అట్టలూ థర్మోకోలూ ట్రయల్ ముగిసేదాకా కాదు, వారంటీ ఉన్నన్నాళ్ళూ దాచండి. అటక మీద వేసేముందు పాలిథీన్ చుట్టండి, మన దగ్గర నవంబరు, డిసెంబరు వానలకు అట్ట చెమ్మ పీల్చి మెత్తబడిపోతుంది. ఊఫర్ అంచు రబ్బరుదే కొనండి. ఫోమ్ అంచులు మన ఎండలకూ ఉక్కకూ పొడిపొడి అయి రాలిపోతాయి.

చంద్రగిరి_చెవి:

ఓము అన్నతో అన్నిటా ఏకీభవిస్తూ ఒక్కటి కలుపుతాను. ట్రయల్ వారంలో ఆర్‌ఈడబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒకసారి కొలిచి చూడండి. యూమిక్-1 లాంటి యూఎస్‌బీ మైకు అద్దెకో అరువుకో దొరికితే చాలు. చెవి దగ్గర మైకు పెట్టి, ఒక్కో స్పీకరును విడిగా కొలవండి. 36, 48, 57 దగ్గర మిట్టలు వస్తే వాటిని మాత్రం ఈక్వలైజర్‌తో తగ్గించండి. గుంతలను పైకి లేపబోవద్దు. ఎంత శక్తి పోసినా గది దాన్ని మింగేస్తుంది, ఆంప్లిఫయర్ మాత్రం అలసిపోతుంది. 300 పైన ఈక్వలైజర్‌తో సరిదిద్దాల్సిన అవసరం గట్టిగా కనిపిస్తే ఆ స్పీకరు మీకు తగింది కాదు, గడువులోపే తిప్పి పంపండి.

పీలేరు_సోల్డర్:

సినిమాలకు సబ్‌ఊఫర్ ఇప్పుడే వద్దు. ఉన్న 90 వేలలో స్పీకర్లకు 55 నుంచి 60, ఆంప్లిఫయర్‌కు 15 నుంచి 18, స్టాండ్లు, వైరు, జంపఖానా కలిపి 7, 8 వేలు. మిగిలింది అలాగే ఉంచండి. ఆంప్లిఫయర్‌కు సబ్ అవుట్ (తర్వాత సబ్‌ఊఫర్ తగిలించుకునే సాకెట్) ఉందా లేదా అన్నది మాత్రం ఇప్పుడే చూసుకుని కొనండి. టీవీ నుంచి ఆప్టికల్ లేదా హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని బయటికి పంపే హెచ్‌డీఎంఐ సాకెట్) తీసుకునేదైతే డీటీహెచ్ డబ్బా నుంచి వచ్చే ఎర్తు లూపు హమ్ (ఎర్తు దారుల్లో కరెంటు తిరిగి వచ్చే బుయ్యిమనే మోత) గొడవ కూడా చాలావరకు తప్పుతుంది. ఆప్టికల్ అయితే అసలు కరెంటు దారే ఉండదు కాబట్టి పూర్తిగా తప్పుతుంది.

కపిలతీర్థం:

మూడు కంపెనీలకు మెయిల్ పెట్టాను: స్పినోరామా గ్రాఫ్, ఊఫర్ విడిగా అమ్ముతారా, వాపసు రవాణా ఎవరిది. జవాబులు రాగానే ఇక్కడే పెడతాను. సోఫా రెండు అడుగులు ముందుకు జరపడానికి ఇంట్లో ఒప్పుకున్నారు. కుప్పం అన్నా, ఆ స్టాండు పైపు మందం ఎంత చెప్పమంటారు?

కుప్పం_బండ:

2 మిల్లీమీటర్లు. పైప్లేటు 4. అంతకన్నా పలుచనైతే వెల్డు వేడికి వంకర తిరుగుతుంది, స్పీకరు ఊగుతుంది. రెండు స్టాండ్లూ ఒకే రోజు, ఒకే గజం పెట్టి కోయించండి, ఎత్తులో తేడా రాకుండా.